దిగులుకు దారి పేగుల్లో ఉందా?

రోజూ పెరుగన్నం తింటే దిగులు తగ్గుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. అవునని చెప్పగలిగినంత ఆధారం ఇంకా లేదు. కానీ ఆ ప్రశ్న వెనకున్న, పేగుల్లోని బాక్టీరియాకూ మనసుకూ ముడిపెట్టే శాస్త్రం మాత్రం నన్ను చాలాకాలంగా పట్టి ఉంచింది.

జ్వరపడిన మనిషి దుప్పటి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఇష్టమైన కూర వండిపెట్టినా ముద్ద దిగదంటాడు, పలకరిస్తే విసుక్కుంటాడు. ఇది నేరుగా క్రిమి చేసే పని కాదు. క్రిమితో పోరాడే కణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు మెదడు చేత చేయించే పని. 2001లో జర్మనీలో ఆరోగ్యవంతులైన 20 మంది పురుషులకు, బాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్‌ను కిలో బరువుకు 0.8 నానోగ్రాముల చొప్పున ఎక్కిస్తే, జబ్బుపడినట్లు పైకి కనిపించకుండానే వారిలో ఆందోళన, దిగులు పెరిగాయి.

అదే ఎండోటాక్సిన్ మన పెద్దపేగులో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని రక్తంలోకి రానివ్వనిది ఒకే వరుస కణాల గోడ, దానిమీది జిగురు పొర. పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా ఆ కణాలకు ఆహారం అందిస్తాయి. పీచు అందనప్పుడు కొన్ని బాక్టీరియా ఆ జిగురునే తినడం ఎలుకల్లో కనిపించింది. గోడ పలచబడితే వాపు ప్రక్రియ, అంటే సైటోకైన్లను విడుదల చేసే ఆ పోరాటం, సన్నగా, నెలల తరబడి సాగవచ్చు.

ఇక ట్రిప్టోఫాన్ సంగతి. మనఃస్థితితో ముడిపడిన రసాయనం సెరటోనిన్. పేగుల్లో తయారయ్యే సెరటోనిన్ మెదడులోకి పోలేదు కనుక, పప్పులోనూ పాలలోనూ దొరికే ఈ అమైనో ఆమ్లంతో మెదడు తన సెరటోనిన్‌ను తానే చేసుకోవాలి. ట్రిప్టోఫాన్‌ను పంటకాలువ నీరనుకుంటే, సెరటోనిన్ వైపు పోయేది సన్నని పిల్లకాలువ. అధికభాగం మామూలుగానే కైన్యురెనిన్ అనే మరో పదార్థం వైపు పారుతుంది. వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ ప్రేరణతో ఐడీఓ అనే ఎంజైము ఆ రెండో వైపు మరో తూము ఎత్తుతుంది. అప్పుడు పిల్లకాలువ కింది పొలానికి తడి తగ్గడమే కాదు, మళ్లిన నీరు ఊరిమీద పడుతుంది కూడా: కైన్యురెనిన్ మెదడులోకి చేరి, అక్కడి మైక్రోగ్లియా అనే రక్షణ కణాల్లో క్వినోలినిక్ ఆమ్లంగా మారి, నాడీకణాల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాలను అతిగా ప్రేరేపిస్తుంది.

2019లో బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు 1,054 మందిని పరిశీలించి, కుంగుబాటు ఉన్నవారిలో కోప్రోకాకస్, డయాలిస్టర్ బాక్టీరియా తక్కువగా ఉన్నాయని గుర్తించారు. ఏది కారణమో, ఏది ఫలితమో ఆ పరిశీలన తేల్చదు.

మూలన కూర్చున్న మనిషికి గాలి సోకిందని తాయెత్తు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి గనుక, కొందరి దిగులులో రక్తపరీక్షకు అందే భాగం ఉందన్న సంగతి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 60 మంది మీద అమెరికాలో వాపును అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పరీక్షించి, 2013లో ఫలితాలు వెల్లడించారు. మొత్తంమీద అది ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదు. వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీను లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవారిలో మాత్రం మేలు చేసే సూచనలు కనిపించాయి.