పోర్టు గీకితే పవర్ వస్తుందా? ఆర్‌ఎక్స్ 100 అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఇంటేక్ పోర్టు బాగా పెద్దది చెయ్యి, బండి ఎగరాల." ఒంగోలులో మా షెడ్డుకి ఆర్‌ఎక్స్ తెచ్చే కుర్రాళ్లలో సగంమంది మాట ఇదే. ఎగరదు నాయనా. ఇంటేక్ పోర్టంటే గాలి, పెట్రోలు ఇంజన్‌లోకి వెళ్లే దారి.

యమహా ఆర్‌ఎక్స్ 100 టూ-స్ట్రోక్ బైకు, అది 98 సీసీ ఇంజన్. బోరు, స్ట్రోకు రెండూ 50 మిల్లీమీటర్లే. దారి మరీ వెడల్పు చేస్తే లోపలికొచ్చే గాలి వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో బండి మూలుగుతుంది. పైగా ఆర్‌ఎక్స్‌లో ఇంటేక్ ఎప్పుడు తెరవాలో రీడ్ వాల్వు (గాలి లాగుడుకి తెరుచుకునే పల్చటి రేకులు) చూసుకుంటుంది. బండి గుణం మార్చేది పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు. దాన్ని లేపితే పై ఆర్‌పీఎంలో లాగుతుంది, కింద పికప్ పోతుంది. అడ్డంగా ఎక్కువ గీకితే పిస్టన్ రింగు పోర్టు అంచుకి తగులుకుని విరుగుతుంది. 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. మంచి ఒరిజినల్ సిలిండర్ బ్లాకు దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకి తెలుసు.

మజ్దా రోటరీ ఇంజన్ వీడియోలు చూపించి వాదించేవాళ్లూ ఉన్నారు. దానికి వాల్వులే లేవు, పోర్టు ఆకారమే టైమింగ్. అక్కడ కూడా బ్రిడ్జ్ పోర్ట్ (మామూలు పోర్టు పక్కన ఇంకో కన్నం కోయడం) చేస్తే ఐడిల్ కుదురుగా నిలవదు.

ఆమధ్య కావలి కుర్రాడొకడు వాళ్ల నాన్న బండిని ఆటోలో వేసుకొచ్చాడు. ఎవరో ఇంటేక్ గీకి, ఎయిర్ ఫిల్టర్ పీకేసి, జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మాత్రం పాతదే ఉంచారు. సింగరాయకొండ దాటాక హైవే మీద పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందలేదు. "నాన్నకి చెప్పొద్దన్నా" అని ఒకటే టెన్షన్ పాపం. అదృష్టం, బ్లాకు రీబోరుకి (లోపల కాస్త అరగదీసి పెద్ద పిస్టన్ వేయడానికి) పనికొచ్చింది.

ఇంటేక్‌ని తళతళా పాలిష్ చేస్తే పవర్ పెరుగుతుందన్నది ఉత్త మాట. పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజన్‌కి మంచిదట! ఆయిల్ పెరిగినకొద్దీ అదే జెట్‌లోంచి వచ్చే పెట్రోలు తగ్గుతుంది. పుకారు పుట్టించినవాడికి ఇది ఎవరు చెప్పాలి?

బండి లాగకపోతే ముందు సైలెన్సర్‌లో కార్బన్, రీడ్ రేకుల అంచులు, రింగులు చూపించుకోండి. చాలా బళ్లకి అక్కడితోనే సరి.

ఇప్పటికే పోర్టింగ్ చేయించినవాళ్లు కంగారుపడకండి. ఖాళీ రోడ్డు మీద కాసేపు ఫుల్ థ్రాటిల్‌లో లాగి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి ప్లగ్గు చూడండి. గోధుమ రంగుంటే హాయిగా తిరగండి. తెల్లగా ఉంటే మెయిన్ జెట్ సైజు పెంచేదాకా థ్రాటిల్ సగం దాటించొద్దు.