అలసట వేరు, నిద్ర వేరు: ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల నిద్రపై అపోహలు - వాస్తవాలు

బతుకమ్మ పండుగ ముగిసిన మరుసటి వారం హనుమకొండలోని మా క్లినిక్‌కు వచ్చే తల్లులలో సగం మంది నోట ఒకే మాట వినిపిస్తుంది. "మేడం, పొద్దంతా ఉరుకుతనే ఉంటడు, పగలు కన్ను మూయడు, అయినా రాత్రి పన్నెండు దాకా పండుకుంటలేడు." తొమ్మిది రోజులు పెద్దల ఆటపాటల మధ్య మేలుకొని ఉన్న పిల్లలు పండుగ కాగానే పాత వేళకు రాకపోవడంలో వింతేమీ లేదు. నాలుగైదు రోజులు ఓపిక పడితే చాలామంది వాళ్లంతట వాళ్లే దారిలో పడతారు. అయితే ఆ నాలుగైదు రోజులలో పెద్దలు చేసే దిద్దుబాటు ఒకటి ఉంది, చిక్కంతా దానితోనే మొదలవుతుంది. రాత్రి త్వరగా పడుకోవాలన్న ఆశతో పిల్లవాడికి పగటి నిద్ర మానిపిస్తారు.

అపోహ: పగలు పడుకోనివ్వకుండా బాగా అలసిపోయేలా చేస్తే రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోతాడు.

వాస్తవం: ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలలో చాలావరకు దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది.

ఇరవై ఏళ్ల నా వృత్తిలో పసిపిల్లల నిద్ర విషయంలో తల్లిదండ్రుల చేత ఇంత మూల్యం చెల్లింపజేసిన నమ్మకం మరొకటి లేదు. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను.

నిద్రను కాడికి కట్టిన రెండు ఎడ్లు లాగుతాయని నేను తల్లులకు చెబుతుంటాను. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పోగుపడి, గంట గడిచేకొద్దీ నిద్ర అవసరాన్ని పెంచుతాయి. రెండవది శరీర గడియారం. ఏ వేళకు మేల్కొనాలో, నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ ఏ వేళకు విడుదల కావాలో వెలుతురును బట్టి, నిత్యకృత్యాన్ని బట్టి అది నిర్ణయిస్తుంది. ఈ రెండు ప్రక్రియల నమూనాను నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించారు. నేటికీ నిద్ర వైద్యానికి అదే పునాది. రెండు ఎడ్లూ ఒకే వైపు లాగినప్పుడే బండి కదులుతుంది. పగటి నిద్ర మానిపించడమంటే మొదటి ఎద్దును చెర్నకోలతో కొట్టి రెండవదాన్ని పట్టించుకోకపోవడమే.

పసిపిల్లలలో నిద్ర ఒత్తిడి పెద్దలలో కన్నా చాలా వేగంగా పెరుగుతుంది. ఏడాదిన్నర పిల్లవాడు ఐదారు గంటలకు మించి మెలకువగా ఉండలేడు. ఆ పరిమితి దాటాక కూడా వాడిని ఆటలతో, బయట తిప్పడంతో మేలుకొలిపి ఉంచితే, శరీరం ఒత్తిడి హార్మోన్ల సాయంతో వాడిని నిలబెడుతుంది. అప్పుడు పిల్లవాడు తూలడు, ఆవులించడు. మంచం మీద ఎగురుతాడు, కారణం లేకుండా నవ్వుతాడు, చిన్న మాటకే పెద్దగా ఏడుస్తాడు, చెవులు లాక్కుంటాడు. ఇది చూసి ఇంట్లోవాళ్లు "ఇంకా అలసిపోలేదు, ఇంకాసేపు ఆడనిద్దాం" అనుకుంటారు. వాడు అప్పటికే అలసట గీత దాటిపోయాడన్నది వాళ్లకు తోచదు. అటువంటి స్థితిలో నిద్రపోయిన పిల్లవాడు తొలిజాములోనే ఉలిక్కిపడి లేవడం, తెల్లవారుజామున నాలుగున్నరకే మేల్కొనడం మేము తరచుగా చూస్తాము.

ఈ పొరపాటు నేనూ చేశాను గనుక ఎవరినీ నిందించే ఉద్దేశం నాకు లేదు. మా అబ్బాయికి రెండేళ్లున్నప్పుడు నేను సాయంత్రం ఏడున్నరకు గాని ఇల్లు చేరేదాన్ని కాదు. ఎనిమిదిన్నరకల్లా వాడు పడుకుంటే పరీక్షకు చదువుకోవచ్చునన్న స్వార్థంతో, మధ్యాహ్నం వాడిని పడుకోనివ్వవద్దని మా అత్తమ్మకు చెప్పి వెళ్లాను. నేను వచ్చేసరికి వాడు అన్నం ముద్ద నోట్లోనే పెట్టుకుని ఆరు గంటలకే ఆమె ఒడిలో నిద్రపోయి ఉండేవాడు. ఎనిమిదికి లేచి రాత్రి ఒంటిగంట దాకా ఇల్లంతా తిరిగేవాడు. వారం రోజులు ఓపిక పట్టి మా అత్తమ్మ అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది: "పసిపోరనికి నిద్ర ఆపుడేంది బిడ్డా, ఆకలైతే అన్నం ఆపుతమా?" చిన్నపిల్లల వైద్యంలో పీజీ చేస్తున్న నాకు ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది.

అలాగని ఈ అపోహలో ఇసుమంత నిజమైనా లేదనలేను. సాయంత్రం నాలుగున్నర తరువాత పడుకున్న పిల్లవాడు రాత్రి ఆలస్యంగానే పడుకుంటాడు. మూడేళ్లు దాటాక పగటి నిద్ర ఎక్కువైతే రాత్రి నిద్ర వెనక్కి జరగడం కూడా సహజమే. అందువల్ల నిద్రను మానిపించనక్కరలేదు, వేళ మారిస్తే సరిపోతుంది. ఏడాది పిల్లలు పగలు రెండుసార్లు పడుకుంటారు. పదిహేను నుంచి పద్దెనిమిది నెలల మధ్య అది ఒక్క మధ్యాహ్నపు నిద్రగా మారుతుంది. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఎక్కువమంది దాన్ని వాళ్లంతట వాళ్లే వదిలేస్తారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం, పగలూ రాత్రీ కలిపి ఏడాది, రెండేళ్ల వయసు పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ల వయసు వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరం. రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే రెండేళ్ల పిల్లకు పగటి నిద్ర కూడా లేకపోతే ఎనిమిది గంటలే దక్కుతుంది. మిగిలిన మూడు గంటలకు ఆ పిల్ల మారాంతో, తిండి మీద అయిష్టంతో లెక్క చెప్పిస్తుంది.

మొన్నటి మిర్చి సీజన్‌లో వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. తండ్రి ఏనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణంలో గుమాస్తా. సీజన్‌లో ఆయన ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. నాన్న ముఖం చూడకుండా పడుకుంటే ఎలాగని ఇరవై రెండు నెలల కొడుకును ఆయన వచ్చేదాకా ఫోన్ చూపించి మేలుకొలిపి ఉంచేవారు. ఆయన వచ్చాక గంటసేపు ఆట. ఒంటిగంటకు నిద్ర. రెండు గంటల నుంచి మూడు మార్లు కేకలు. ఎవరో చెప్పారని మధ్యాహ్నపు నిద్ర మానిపించారు, కేకలు ఇంకా పెరిగాయి. చివరికి మందుల దుకాణంలో అడిగితే జలుబు సిరప్ ఇచ్చారు, "దీంతో మంచిగ పండుకుంటడు" అన్నారు. రెండు వారాలు పోశాక నా దగ్గరికి వచ్చారు.

పగటి నిద్ర మానిపించే దారి చివరికి చేరేది సరిగ్గా ఈ సిరప్ సీసా దగ్గరికే. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం కూడా అదే. జలుబు సిరప్‌లలోని క్లోర్‌ఫెనిరమైన్ వంటి మందుల వల్ల మగత కలుగుతుంది, కాని మగత వేరు, నిద్ర వేరు. కొందరు పిల్లలలో అది మగతకు బదులు చిరాకును, ఉద్రేకాన్ని పెంచుతుంది. మోతాదు మించితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులో ఆదేశించింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదని, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మళ్లీ సూచించింది. జలుబుకే వద్దన్న మందును నిద్ర కోసం పోయడం గురించి వేరే చెప్పాలా? జాజికాయ అరగదీసి నాకించడానికీ, ఆన్‌లైన్‌లో దొరికే మెలటోనిన్ చప్పరింపు బిళ్లలకూ నా జవాబు ఇదే.

ఆ కుటుంబానికి నేను రాసిన చీటీలో మందు లేదు, వేళలు మాత్రమే ఉన్నాయి. రాత్రి ఎన్నింటికి పడుకున్నా పొద్దున ఏడింటికి లేపాలి. శరీర గడియారాన్ని ముందు సరిదిద్దేది లేచే వేళే, పడుకునే వేళ కాదు. లేవగానే కాసేపు వాకిట్లో ఎండపొడ తగలనివ్వాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పడుకోబెట్టి, మూడు దాటకుండా లేపాలి. రాత్రి నిద్రను ఒక్కసారిగా ఒంటిగంట నుంచి తొమ్మిదికి లాగకూడదు. అలవాటైన వేళకు ముందున్న గంటా రెండు గంటలలో శరీర గడియారం మెలకువనే బలంగా నిలుపుతుంది గనుక, అప్పుడు పడుకోబెడితే మిగిలేది ఏడుపే. రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపాలి.

పడుకోబెట్టే క్రమం గురించి కూడా చెప్పాను. గోరువెచ్చని స్నానం, ఒంటికి కొంచెం నూనె, మెత్తటి బట్టలు, ఒక కథ గాని జోల గాని, దీపం ఆర్పడం: అంతా అరగంటలో ముగియాలి, ప్రతి రాత్రీ అదే వరుసలో జరగాలి. 2009లో అమెరికాలో 405 మంది తల్లులతో, వారి ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో దాదాపు ఇటువంటి క్రమాన్నే రెండు వారాలు పాటించగా పిల్లలు త్వరగా నిద్రపోవడం, రాత్రిపూట తక్కువసార్లు లేవడం కనిపించింది. మన నానమ్మలు తొట్టెల ఊపుతూ పాడిన ఒకే ఒక జోల చేసిన పని కూడా ఇదే. అదే పాట రోజూ వింటే పిల్లవాడి మెదడు తరువాత వచ్చేది నిద్ర అని ముందే గ్రహిస్తుంది. రోజుకొక కొత్త పాట ఫోన్‌లో పెడితే ఆ ప్రయోజనం దక్కదు.

ఇక నాన్న సంగతి. పది గంటల ఆటను పొద్దున ఏడు గంటలకు మార్చమన్నాను. ఆయన ముఖం మొదట చిన్నబోయింది. కొన్ని వారాల తరువాత వచ్చినప్పుడు, పొద్దున తన బండి మీద ముందు కూర్చోబెట్టుకుని పాల ప్యాకెట్ తేవడానికి కొడుకును తీసుకెళుతున్నానని ఆయనే చెప్పారు. పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటున్నాడు. ఒక్కోరోజు పదిన్నర అవుతోంది, అవనీయండి.

ఏప్రిల్, మే నెలలలో మాత్రం నేను ఇంత పట్టుబట్టను. మన ఓరుగల్లు ఎండలకు కాలిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడిని కక్కుతుంటే, ఒళ్లు చల్లబడనిదే నిద్ర పట్టదు గనుక, పిల్లవాడు ఎనిమిదిన్నరకు పడుకోవాలనడం న్యాయం కాదు. పడుకునే ముందు స్నానం, దాబా మీద సాయంత్రమే నీళ్లు చల్లడం, పలుచని నూలు బట్టలు కొంత మేలు చేస్తాయి.

మిగిలిన అపోహలు త్వరగా ముగిస్తాను.

నిద్రలో పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నట్టేనన్నది నిజం కాదు. ఈ వయసులో పళ్లు కొరకడం సాధారణం, చాలావరకు తగ్గిపోతుంది. నులిపురుగుల మందును ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల కార్యక్రమంలో అంగన్‌వాడీలో ఎలాగూ వేస్తారు, పళ్ల శబ్దం విన్న ప్రతిసారీ వేయనక్కరలేదు.

పడుకున్న గంటా రెండు గంటలలో కళ్లు తెరిచి కేకలు వేస్తూ, తల్లిని కూడా గుర్తుపట్టని పిల్లవాడికి గాలి సోకలేదు. అది గాఢనిద్ర నుంచి సగమే మేల్కొన్న స్థితి, పొద్దున వాడికేమీ గుర్తుండదు. నిద్ర చాలని పిల్లలలో ఇది ఎక్కువ. కుదిపి లేపవద్దు, దెబ్బ తగలకుండా పక్కన కూర్చోండి. దిష్టి తీస్తే తీయండి, దానితో నాకు పేచీ లేదు. పొగ మాత్రం పిల్లవాడి ముఖం మీదికి పోనివ్వకండి. కేకలతో పాటు ఒళ్లు బిగుసుకోవడమో, ఒకే రాత్రి పదే పదే రావడమో ఉంటే వైద్యులకు చూపించాలి.

ఫోన్ చూస్తూ పడుకుంటాడన్న మాట నమ్మకండి, ఫోన్ చూస్తూ సొమ్మసిల్లుతాడు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2022లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు, నాలుగేళ్ల పిల్లలకు పడుకునే ముందు గంటసేపు చూపిన 5 నుంచి 40 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురు కూడా మెలటోనిన్‌ను సగటున 78 శాతం తగ్గించింది. గదిలోని ట్యూబ్‌లైటు దానికన్నా ప్రకాశవంతమే గనుక, ఫోన్‌తో పాటు దాన్ని కూడా ఆర్పి జీరో బల్బు వేసుకోండి.

ఏడాది దాటిన పిల్లకు నిద్రలో పాలసీసా నోట్లో పెట్టడం ఆకలి తీర్చడానికి కాదు, అది ముందు పళ్లు పుచ్చిపోవడానికి దారి. పాలు పట్టించి, నోరు కడిగి, ఆ తరువాతే జోల మొదలుపెట్టండి.

తల్లి పక్కన పడుకుంటే పిల్లవాడు చెడిపోతాడని, వేరే గదిలో పెట్టి ఏడ్చినా వెళ్లకూడదని రీళ్లలో చూసి భయపడే అమ్మాయిలు ఈ మధ్య ఎక్కువయ్యారు. రెండు గదుల ఇంట్లో అందరూ ఒకచోట పడుకునే కుటుంబాలలో పెరిగినవాళ్లమే మనమంతా. ఏడాది దాటి ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు మీ పక్కన పడుకోవడం వల్ల నష్టం లేదు. పడుకునే వేళా, వరుసా నిలకడగా ఉంటే చాలు.

చివరిది, గురక. గురక పెడుతున్నాడంటే గాఢంగా నిద్రపోతున్నాడని మురిసిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. జలుబు లేని రోజులలో కూడా వారంలో మూడు రాత్రులకు మించి గురక పెట్టే పిల్లవాడిని, నోరు తెరిచి పడుకునేవాడిని, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడేవాడిని, తలంతా చెమటతో తడిసేవాడిని వెంటనే తీసుకురండి. ముక్కు వెనుక ఎడినాయిడ్స్ అనే కండ పెరిగి ఊపిరికి అడ్డుపడుతూ ఉండవచ్చు. అటువంటి పిల్లవాడికి నేను పైన చెప్పిన వేళలేవీ పని చేయవు. రాత్రి వాడు పడుకున్నాక చొక్కా విప్పి, ఛాతీ, ముఖం రెండూ కనిపించేలా రెండు నిమిషాలు వీడియో తీసి పెట్టుకోండి. ఆ ఒక్క పనికి ఫోన్ వాడితే నాకు అభ్యంతరం లేదు.