పాత ప్రాసెసర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో కంప్యూటర్లు బాగుచేసే నా టేబుల్ మీదికి ఇప్పటికీ హెచ్61 అనే పాత ఇంటెల్ మదర్‌బోర్డులు వస్తూనే ఉంటాయి. తెలుగులోనూ ఒడియాలోనూ శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లవి, ఫొటో స్టూడియోలవి, గుణుపురంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలవి. "కొత్త సిస్టమ్ కొనలేమండీ, సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ వేస్తే నడుస్తుందా?" అని అడుగుతారు. చాలాసార్లు నడుస్తుంది. డబ్బు పోయేదల్లా ముందు బోర్డు సంగతి చూడకుండా కొన్నప్పుడే.

అపోహ: వాడిన ప్రాసెసర్ అరిగిపోయి ఉంటుంది

డెస్క్‌టాప్‌లో ముందు పోయేవి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, బోర్డు మీది కెపాసిటర్లు, హార్డ్ డిస్క్. మామూలు ఆఫీసు పనికి వాడిన ప్రాసెసర్ వీటన్నిటికంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని మోడళ్లు మాత్రం వోల్టేజి ఎక్కువై దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు భయపడాల్సిందే. 2012 నాటి ఐ5కి ఆ బాధ లేదు.

అపోహ: సాకెట్ నంబరు కలిస్తే చాలు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. 1151 సాకెట్ ఇంటెల్ 6, 7 తరాలకూ ఉంది, 8, 9 తరాలకూ ఉంది. పేరొకటే గానీ బోర్డులు వేరు. డీటీపీ సెంటర్ నడిపే ఒక బాబాయి రైలెక్కి విశాఖ వెళ్లి ఎనిమిదో తరం ఐ5-8400 తెచ్చుకున్నారు. ఆయనది 6, 7 తరాల కోసం చేసిన హెచ్110 బోర్డు. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంది, ఫ్యాన్ తిరిగింది, డిస్‌ప్లే మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? ఐ5-8400కి 300 సిరీస్ బోర్డు ఉండాలి. రెండిట్లో ఏదీ చెడిపోలేదని ఆయనకు నచ్చజెప్పడానికి చాలాసేపే పట్టింది.

హెచ్61కి ఇంకో మెలిక ఉంది. ఆ బోర్డులు మొదట 2011 నాటి రెండో తరం కోసం వచ్చాయి. పాత బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) ఉంటే 2012లో వచ్చిన మూడో తరం ఐ5-3470నో, ఐ7-3770నో అది గుర్తుపట్టదు. అందుకే ఉన్న ప్రాసెసర్‌ను తీయకముందే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. తీసేశాక చేద్దామంటే స్క్రీనే వెలగదు. బోర్డు మీద రాసి ఉన్న పూర్తి మోడల్ పేరు ఫొటో తీసుకుని, కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్టు చూడండి. ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో అందులోనే ఉంటుంది.

అపోహ: ఐ7 అయితే గొప్పది, గిగాహెర్ట్జ్ ఎక్కువైతే ఇంకా గొప్పది

ఐ3-3220 వేగం 3.3 గిగాహెర్ట్జ్, ఐ5-3470ది 3.2. అంకె చూసి ఐ3 కొంటే రెండే కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) వస్తాయి, ఐ5లో నాలుగు ఉంటాయి. తరం కూడా చూసుకోవాలి. ఎనిమిదో తరం ఐ3-8100 పేరుకు ఐ3యే గానీ, రెండో తరం ఐ7-2600కి తీసిపోదు.

నంబరు చివర అక్షరాన్ని అసలు వదలొద్దు. ఐ5-3470ఎస్ నాలుగు కోర్లతో 65 వాట్లది, బాగానే ఉంటుంది. ఐ5-3470టీ మాత్రం 35 వాట్లది, కోర్లు రెండే. అమ్మేవాడు "ఐ5-3470" అని మాత్రమే చెప్తాడు. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే మానిటర్‌లో ఏమీ రాదు. చవకగా దొరుకుతోందని తెచ్చుకునే ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ3-1230 వీ2తోనూ ఇదే చిక్కు.

అపోహ: పైకి బాగుంటే చాలు, టెస్టింగ్ ఎందుకు

పైమూత మీద గీతలుంటే టెన్షన్ పడక్కర్లేదు. వెనక్కి తిప్పి ఫోన్ టార్చి వేసి చూడండి. బంగారు రంగు చుక్కలన్నీ ఒకేలా మెరవాలి. నల్లగా కాలిన మచ్చ ఉంటే తీసుకోకండి. పేస్టు మరకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. ఏఎమ్‌డీ కంపెనీ ఏఎమ్4 సాకెట్ రైజెన్‌లకు పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కాబట్టి, కంటికి సమానంగా పట్టుకుని వరసలు తిన్నగా ఉన్నాయో లేదో చూడాలి.

తర్వాత షాపులోనే సిస్టమ్‌లో వేయించండి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్, కోర్లు, థ్రెడ్లు చూసుకుని, ఓ అరగంట లోడ్ మీద (గట్టిగా పని పెట్టి) నడపమనండి. రెండు ర్యామ్ స్లాట్లలోనూ ర్యామ్ పెట్టి చూడమనండి. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ దెబ్బతింటే ఒక స్లాట్ పనిచేయకపోవచ్చు, ఇంటికొచ్చాక బోర్డు పోయిందనుకుంటారు. రన్నింగ్‌లో చూపించనంటే మారు మాట్లాడకుండా వచ్చేయండి.

అపోహ: ప్రాసెసర్ మారిస్తే స్లో తగ్గుతుంది

సిస్టమ్ ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతుంటే ముందు హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. హెచ్61లో సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పోర్టు) వేగం సెకనుకు 3 గిగాబిట్లే, అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఫొటోషాప్‌లో ఫిల్టర్ వేసినప్పుడు, వీడియో ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే అప్పుడు ప్రాసెసర్ సంగతి ఆలోచించొచ్చు.

అపోహ: ఐ7 వేస్తే విండోస్ 11 వస్తుంది

మైక్రోసాఫ్ట్ లిస్టులో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. కాబట్టి బ్యాంకు పనులు, ఆన్‌లైన్ చెల్లింపులు చేసే సిస్టమ్‌కైతే మూడో తరం ప్రాసెసర్ మీద డబ్బు పెట్టొద్దనే చెప్తాను. లైనక్స్ వాడేవాళ్లకు, నెట్ లేకుండా డీటీపీ చేసుకునేవాళ్లకు అది ఇంకా పనికొస్తుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక తీసేసిన పాత ప్రాసెసర్‌ను వెంటనే అమ్మేయకండి. రేపెప్పుడైనా డిస్‌ప్లే రాకపోతే, పోయింది కొత్తగా వేసిందా, బోర్డా అని తేల్చుకోవడానికి అదే కావాలి.