చిక్కిన ట్యాంకు ఎన్నాళ్లు నడుస్తుంది?

2022లో ఉక్రెయిన్ రైతులు రష్యా సైనిక వాహనాలను ట్రాక్టర్లకు కట్టి లాక్కుపోతున్న వీడియోలు చూసి ప్రపంచం నవ్వుకుంది. 2024 మే నెలలో రష్యా వంతు వచ్చింది. మాస్కోలోని పోక్లోన్నయా కొండ దగ్గర ఉక్రెయిన్ దగ్గర గుంజుకున్న జర్మన్ లెపర్డ్, అమెరికా ఏబ్రమ్స్ ట్యాంకులను నిలబెట్టి జనాన్ని చూడనిచ్చింది. ఇప్పుడు ఎక్కడ ఒక ట్యాంకు చేతులు మారినా అదే వాదన మళ్లీ రాజుకుంటోంది: శత్రువు దగ్గర గుంజుకున్న ట్యాంకు బలమా, ఫొటోకు మాత్రమే పనికొచ్చే వస్తువా?

బలమే అనేవాళ్లు వెంటనే హిట్లర్ సైన్యాన్ని ముందుకు తెస్తారు. చెక్ ట్యాంకులతో ఫ్రాన్స్ మీదికి వెళ్లారు, ఫ్రెంచ్ ట్యాంకులతో ఆక్రమించిన దేశాలకు కాపలా కాశారు, రష్యా టీ-34ల మీద తమ శిలువ గుర్తు వేసి రష్యా మీదికే తోలారు. జర్మన్లు వాటికి పెట్టుకున్న పేరు కూడా సూటిగానే ఉంటుంది, కొల్ల ట్యాంకులని. ఈ జాబితాలో అబద్ధం లేదు. కాకపోతే వీటన్నిటినీ ఒకే గాటన కట్టేయడం కుదరదు.

మొదటి ప్రపంచ యుద్ధం సంగతి చాలామందికి తెలిసిందే. సొంతంగా 20 ఏ7వీ ట్యాంకులు మాత్రమే చేసుకోగలిగిన జర్మనీ, బ్రిటిష్ వాళ్లు వదిలేసిపోయిన మార్క్-4 ట్యాంకులను అంతకంటే ఎక్కువే నడిపింది. అక్కడ ఆగనక్కర్లేదు. అసలు కథ 1939 మార్చి 15 తెల్లవారుజామున మొదలవుతుంది.

ఆ రాత్రి చెకోస్లొవేకియా అధ్యక్షుడు ఎమిల్ హాఖాను హిట్లర్ బెర్లిన్‌లో కూర్చోబెట్టాడు. సంతకం పెట్టకపోతే ప్రాగ్ మీద బాంబులు పడతాయని హిట్లర్ వాయుసేనాధిపతి గోరింగ్ బెదిరించాడు. హాఖా గుండె జబ్బు మనిషి, కుప్పకూలిపోతే డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి లేపాడు. తెల్లారేలోపు సంతకం అయిపోయింది. ఆరు నెలల కిందట మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చెక్ సరిహద్దు ప్రాంతం సుడెటెన్‌లాండ్‌ను హిట్లర్ చేతిలో పెట్టినప్పుడే చెక్‌ల సరిహద్దు కోటలన్నీ పోయాయి. ఇక పోరాడ్డానికి ఏం మిగిలిందని? మిస్టెక్ ఊళ్లో ఒక బారక్స్‌ దగ్గర మాత్రం కాసేపు కాల్పులు జరిగాయి.

జర్మన్లకు ఆ రోజు దొరికినవాటిలో అందరూ లెక్కపెట్టేది 240కి పైచిలుకు ఎల్‌టీ-35 ట్యాంకులు. నా దృష్టిలో అది చిన్న వాటా. పెద్ద వాటా ప్ల్జెన్‌లోని స్కోడా, ప్రాగ్‌లోని సీకేడీ ఫ్యాక్టరీలు. చెక్ సైన్యం ఆర్డరిచ్చిన 150 కొత్త ఎల్‌టీ-38 ట్యాంకులు అప్పటికి సీకేడీలో తయారవుతున్నాయి. ఒక్కటి కూడా చెక్ సైన్యం చేతికి రాలేదు. జర్మన్లు పని ఆపించలేదు. అదే యంత్రాలతో, అదే పనివాళ్లతో పూర్తి చేయించి, ఇంకా కావాలని ఆర్డర్లు ఇచ్చారు. ఫ్యాక్టరీ పేరు మార్చి బీఎంఎం అన్నారు. ట్యాంకు పేరు చివర ‘టి’ అక్షరం తగిలించారు. జర్మన్ భాషలో చెక్ అనే మాటకు అది మొదటి అక్షరం.

అప్పట్లో జర్మనీ ట్యాంకుల్లో ఎక్కువ భాగం పాంజర్-1, పాంజర్-2. మొదటిదానికి రెండు మెషిన్‌గన్లు, రెండోదానికి 20 మిల్లీమీటర్ల గన్. చెక్ ట్యాంకులకు 37 మిల్లీమీటర్ల గన్ ఉండేది. 1940 మేలో పడమట ఫ్రాన్స్ వైపు దాడికి దిగిన సుమారు 2,400 ట్యాంకుల్లో చెక్‌వి మూడు వందలు దాటాయి. ఆరో పాంజర్ (ట్యాంకు) డివిజన్ ఎల్‌టీ-35లతో వెళ్లింది. ఎనిమిదో డివిజన్, జనరల్ రోమెల్ నడిపిన ఏడో డివిజన్ ఎల్‌టీ-38లతో వెళ్లాయి. పేరు రోమెల్‌కు వచ్చింది, ట్యాంకు ప్రాగ్‌లో తయారైంది.

ఒకే దేశం, ఒకే రోజు కొల్ల. అయినా 35కు, 38కు పట్టిన గతి ఒకటి కాదు. 35 ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్టీరింగు, బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేసేవి, రష్యా చలికి గడ్డకట్టేవి. స్పేర్ పార్టులు చేసేవాళ్లు లేరు. 1941 ముగిసేసరికి ఆరో డివిజన్ దగ్గర ఒక్కటీ మిగల్లేదు. 38 మాత్రం 1942 దాకా తయారవుతూనే ఉంది, మొత్తం 1,400 దాటింది. ట్యాంకుగా పాతబడ్డాక కూడా దాని చాసిస్ (కింది చట్రం) మీద పెద్ద గన్ను బిగించి ట్యాంకులను కొట్టే మార్డర్-3 చేశారు. 1944లో దాని ఆధారంగానే హెట్జర్ అనే గన్ వాహనం వచ్చింది, అదొక్కటే 2,800 దాకా తయారైంది. యుద్ధం అయిపోయాక స్విట్జర్లాండ్ కూడా 158 హెట్జర్లను కొనుక్కుంది.

ఫ్రాన్స్ విషయంలో లెక్క తిరగబడింది. 1940 జూన్‌లో రెండు వేలకు పైగా ట్యాంకులు చిక్కాయి, చెక్ కొల్లకు ఎన్నో రెట్లు. బెర్లిన్ గుమాస్తాలు వాటికి వరుసగా నంబర్లు వేశారు. విదేశీ ట్యాంకులకు 700తో మొదలయ్యే అంకె, చివర దేశం అక్షరం. రెనో ఆర్-35 అయితే 731(ఎఫ్), సోముఆ అయితే 739(ఎఫ్). తర్వాత టీ-34కు 747(ఆర్) వచ్చింది. స్టోర్ కీపర్ పుస్తకంలా ఉండే ఆ జాబితా చూసే చాలామంది ఇదంతా పెద్ద బలమనుకుంటారు.

ఫ్రెంచ్ రెనో, హాచ్‌కిస్ ట్యాంకుల టరెట్లలో (గన్ ఉండి గుండ్రంగా తిరిగే పైభాగం) ఒక్క మనిషికే చోటు. దారి చూసేది, గుండు నింపేది, గురిపెట్టేది, పేల్చేది అతనే. జర్మన్లు పైన మూత కోసి తెరుచుకునేలా చేశారు, రేడియోలు పెట్టారు. అయినా వాటిని ముందు వరసలోకి పంపడానికి జంకారు. ఎక్కువ భాగం ఇంగ్లండ్, ఫ్రాన్స్ నడుమ ఛానల్ దీవుల్లో, యుగోస్లావియాలో, పారిస్ వీధుల్లో కాపలాకు పోయాయి. కొన్నిటి టరెట్లు ఊడదీసి సముద్రపు గట్టున కాంక్రీటులో పాతారు. బరువైన బీ-1లలో కొన్నిటికి మంటలు చిమ్మే గొట్టాలు పెట్టి 1942లో క్రిమియాలోని సెవస్తొపోల్ దగ్గర, 1944లో నెదర్లాండ్స్‌లోని ఊస్టర్‌బీక్ దగ్గర దించారు.

ఒక్క అల్ఫ్రెడ్ బెకర్ కథ మాత్రం వేరు. ఈ జర్మన్ శతఘ్ని దళం మేజర్ స్వతహాగా ఇంజనీరు. హాచ్‌కిస్, లొరైన్ చాసిస్‌ల మీద జర్మన్ గన్లు ఎక్కించి ఒక దళాన్నే తయారు చేశాడు. 1944 జులైలో ఫ్రాన్స్‌లోని కేన్ పక్కన బ్రిటిష్ ట్యాంకులకు ఎదురు నిలిచిన గన్లలో అవీ ఉన్నాయి. బెకర్ కొల్లను ఏరుకుని వదిలేయలేదు, పారిస్‌లో వర్క్‌షాపు పెట్టుకుని విప్పి, కోసి, మళ్లీ కట్టాడు.

ఇక ఖార్కివ్. టీ-34 రూపుదిద్దుకున్నది అక్కడి 183వ నంబరు ఫ్యాక్టరీలోనే. 1941 అక్టోబరు 24న జర్మన్లు ఆ ఊరిని పట్టుకునేసరికి లోపల గోడలు మిగిలాయి. యంత్రాలు, పనివాళ్లు రైళ్లెక్కి యూరల్స్‌లోని నిజ్నీ తాగిల్‌కు వెళ్లిపోయారు. హాఖాకు దొరకని వ్యవధి, దూరం స్టాలిన్‌కు దొరికాయి. ప్రాగ్‌లో తమకు దక్కినలాంటిది ఖార్కివ్‌లో దక్కకపోవడమే జర్మన్ల కొల్ల కథకు అడ్డం తిరిగిన మలుపు అని నేననుకుంటాను.

టీ-34లు కావలసినన్ని చిక్కాయి. 1943 మార్చిలో ఖార్కివ్‌ను మళ్లీ పట్టుకున్నాక జర్మన్ ఎస్ఎస్ దళాల ‘దాస్ రైఖ్’ డివిజన్ అక్కడే కొన్నిటిని బాగు చేయించుకుంది. జులైలో కుర్స్క్ యుద్ధానికి అలాంటివి పాతిక దాకా తీసుకెళ్లింది. ట్యాంకును ఆకారం బట్టే పోల్చుకుని పేల్చే సొంత గన్నర్ల భయానికి పక్కల, టరెట్ మీద పెద్ద పెద్ద శిలువలు వేసేవాళ్లు. విమానాలకు కనపడాలని పైన జెండా పరిచేవాళ్లు. ఒకటి నడవాలంటే ఇంకోదాన్ని విప్పాలి. గుళ్లు ఎక్కడైనా రష్యా డిపో చిక్కితేనే. పాతిక ట్యాంకులు ఒక కంపెనీ (చిన్న దళం) కింద లెక్క, సైన్యం కింద కాదు.

వాటిని నడిపినవాళ్లు ఆ ట్యాంకును మెచ్చుకున్నారు, నిజమే. వెడల్పు పట్టాలు, వాలు కవచం. రష్యా 76.2 మిల్లీమీటర్ల గన్లు కూడా జర్మన్లకు బాగా పనికొచ్చాయి. అయితే ఆ గన్లను మొదలంటా మార్చి, వాటికి సరిపడే గుళ్లు తామే చేసుకున్నాకే అవి మార్డర్ల మీదికి ఎక్కాయి. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక ఉత్తరాన ఫియట్, అన్సాల్డోలు జర్మన్ల కిందికి వచ్చాయి, సెమోవెంటె అనే ఇటలీ గన్ వాహనాలు తయారవుతూనే పోయాయి. అక్కడా ఫ్యాక్టరీ కదల్లేదు.

ఇప్పటి గొడవకు ఇదెలా తగులుతుందో చూడండి. ఉక్రెయిన్‌కు చిక్కే టీ-72, టీ-80ల గన్ 125 మిల్లీమీటర్లది, ఉక్రెయిన్ సొంత టీ-64ది కూడా అంతే. వాటిని విప్పి బిగించడం అక్కడి మెకానిక్‌లకు సోవియట్ కాలం నుంచి అలవాటు. అందుకే ఫొటో దిగిన ట్యాంకు కొన్నాళ్లకు ముందు వరసలో కనిపిస్తుంది. రష్యాకు చిక్కిన లెపర్డ్-2, ఏబ్రమ్స్‌లవి 120 మిల్లీమీటర్ల గన్లు, వాటి పార్టులు జర్మనీ, అమెరికాల్లో ఉన్నాయి. అవి కొండ మీద ప్రదర్శనకు వెళ్లాయి. మన హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీదున్న పాకిస్థాన్ పాటన్ కూడా అలా నిలబడిపోయిందే.

1941లో రైలెక్కిన ఖార్కివ్ ఫ్యాక్టరీ వెనక్కి రాలేదు. నిజ్నీ తాగిల్‌లోనే పాతుకుపోయి ఇవాళ యూరల్‌వగన్‌జవోద్ పేరుతో టీ-90లు చేస్తోంది. యుద్ధం తర్వాత ఖార్కివ్‌లో మళ్లీ లేచిన ఫ్యాక్టరీ టీ-64ను పుట్టించింది.