మట్టిపలకల మేడ, దాని కింద పందిరి

న్యూయార్క్ ఇళ్ల ప్రకటనల్లో ‘ప్రీవార్’ అన్న మాట కనిపిస్తే ధర ఒక మెట్టు పైనే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన మేడ అని అర్థం: ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, ముఖభాగం నిండా నగిషీ. అలాంటి మేడల కిందే, కాలిబాట మీద, ఇనుప గొట్టాలూ చెక్క పలకలతో కట్టిన పందిరి కూడా తరచుగా కనిపిస్తుంది. పైనుంచి ఊడే ముక్కలు దారినపోయేవాళ్ల మీద పడకుండా కట్టే దీన్ని సైడ్‌వాక్ షెడ్ అంటారు. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

దీని మూలం 1979లో ఉంది. ఆ ఏడాది మే నెలలో బ్రాడ్‌వే, 115వ వీధి మూలన పాత భవనం నుంచి ఊడిన ముక్క తగిలి 17 ఏళ్ల బార్నార్డ్ కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడాది లోకల్ లా 10 అనే నగర చట్టం వచ్చింది. ఆరంతస్తులు మించిన ప్రతి భవనానికీ వీధివైపు గోడలను అయిదేళ్లకోసారి నిపుణులు పరీక్షించాలని అది ఆదేశించింది. చాలామంది యజమానులు తేలిక దారి పట్టారు: బాగుచేయించే బదులు గోడ పై అంచున ముందుకు పొడుచుకొచ్చే నగిషీలనే, అంటే కార్నిస్‌లనే, ఊడదీయించారు. నగరం పోగొట్టుకున్న కార్నిస్‌లలో చాలా భాగం ఈ ఖాతాలోనిదే. 1997 చివర మాడిసన్ అవెన్యూలో ఒక భవనం ఇటుకలు కూలాక, 1998లో లోకల్ లా 11 మిగతా గోడలనూ పరీక్షలోకి తెచ్చింది.

అసలు ముక్కలు ఎందుకు ఊడతాయి? సెంట్రల్ పార్కుకు దగ్గర్లో, 58వ వీధి, సెవెంత్ అవెన్యూ మూలన ఉన్న ఆల్విన్ కోర్ట్‌ను తలుచుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. 1909లో పూర్తయిన 12 అంతస్తుల మేడ. మొదట్లో ఒక్కో ఫ్లాటులో 14 గదులు, అయిదు స్నానాల గదులు. 1938లో లోపలంతా పగలగొట్టి 75 ఫ్లాట్లు చేశారు. వీధివైపు ముఖమంతా టెర్రకోటాయే, అంటే కాల్చిన మట్టిపలకలే.

రాయిలా కనిపించినా ఈ టెర్రకోటా బోలు పెట్టె. అంగుళం మందం గోడలు, లోపల అడ్డుగోడలు, పైన మెరుపు పూత. వెనక ఇనుప కొక్కేలతో ఉక్కు చట్రానికి బిగిస్తారు. పూత నీరు పీల్చదు కాబట్టి గోడలోకీ నీరు రాదని ఆనాటివాళ్లు నమ్మారు. నీరు అతుకుల్లోంచి వస్తుంది. వచ్చాక, అదే పూత దాన్ని బయటికి పోనివ్వదు. కొక్కెం తుప్పుపడుతుంది, తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి పలకను లోపలినుంచి నెడుతుంది. చలికాలంలో గడ్డకట్టిన నీరు మిగతా పని చేస్తుంది. పైగా కాల్చిన మట్టి ఏళ్ల మీద తేమకు కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, ఆ కాలపు గోడల్లో అందుకు సందులు వదల్లేదు. ఉక్కు స్తంభం దగ్గరగా ఉండే మూలలే ముందు చీలతాయి.

తప్పుడు మరమ్మతు ఇంకా చెరుపు. గట్టి సిమెంటుతో అతుకులు పూడిస్తే ఒత్తిడి పలక అంచుల మీద పడి అవే పెచ్చులూడతాయి. నీరు ఆపే రంగు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. సున్నం కలిపిన మెత్తటి మోర్టార్ వాడాలి. పాతది అతుకు వెడల్పుకు రెండున్నర రెట్లు లోతు గీకి తీశాకే నింపాలి. కొత్త కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి.

పలకను పరీక్షించే పద్ధతి మాత్రం మనకు కొత్త కాదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అదే. చెక్క సుత్తితో తడితే మంచి పలక ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. అందుకే దుర్భిణీతో చూస్తే చాలదు, మనిషి గోడ దాకా వెళ్లాలి. 2020లో మొదలైన తొమ్మిదో విడత పరీక్షల నుంచి వీధివైపు గోడ పొడవునా ప్రతి 60 అడుగులకూ ఒకచోట అలా దగ్గరగా చూడడం తప్పనిసరి.

ప్రమాదకరం అని నివేదిక వస్తే వెంటనే షెడ్ కట్టాలి, 90 రోజుల్లో బాగుచేయాలి. గడువు పెంచుకోవచ్చు. ఇక్కడే చిక్కు. ముఖభాగం పని కంటే షెడ్ అద్దె చాలా తక్కువ. డబ్బు పోగయ్యేదాకా పందిరి ఉంచడం యజమానికి లాభమే. ఆల్విన్ కోర్ట్ 1966 నుంచి లాండ్‌మార్క్, అంటే నగరం రక్షిత కట్టడంగా ప్రకటించినది. ఇలాంటి చోట్ల మార్పులకు నగర లాండ్‌మార్క్‌ల కమిషన్ అనుమతి కూడా కావాలి. కొత్త పలకకు అచ్చు చేతితో చెక్కాలి. ఆరి కాలేసరికి మట్టి దాదాపు ఎనిమిది శాతం కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు అంత పెద్దదిగా ఉండాలి. సరుకు రావడానికి నెలలు పడుతుంది. అది వచ్చేసరికి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే ప్రత్యేక ఏర్పాట్లు లేకుండా మోర్టార్ పని సాగదు. పందిరి మరో చలికాలం గడుపుతుంది.