మూడు పాదాలు ఎవరివైనా, నాలుగోది వేమనదే

వేమన పద్యాల పుస్తకం ఏది కొనాలని ఎవరైనా అడిగితే నాకు చటుక్కున జవాబు రాదు. దొరకక కాదు, లెక్కకు మించి దొరకడం వల్ల. ఒకదానిలో నూరు పద్యాలుంటాయి, ఇంకోదానిలో వేలల్లో. ఇందులో ఉన్న పద్యం అందులో కనిపించదు, కనిపించినా మాట మారిపోయి ఉంటుంది. ఏ తాటాకు ప్రతి నుంచి, ఏ పాత అచ్చు నుంచి తీసుకున్నారో చెప్పే పుస్తకాలు బహు తక్కువ. ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు. వేమన మొదటిసారి అచ్చెక్కిన రోజుకే అది ఉంది.

ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ మచిలీపట్నంలో ఉండగా, 1824 ప్రాంతంలో, డుబాయ్ అనే ఫ్రెంచి పాద్రీ రాసిన పుస్తకంలో వేమన పేరు చూశారు. అప్పటి నుంచి ప్రతులు వెతికించడం మొదలుపెట్టారు. ఊరికో ప్రతి వచ్చింది, ఏ రెండూ ఒకటిగా లేవు. పండితులను కూర్చోబెట్టుకుని వాటిని పోల్చి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చు వేయించారు. పదేళ్ల తరవాత, 1839లో, మళ్లీ వేస్తే అవి 1,164 అయ్యాయి. కవి ఎన్నడో పోయాడు, పద్యాలు మాత్రం పదేళ్లలో 471 పెరిగాయి. ఇందులో మోసమేమీ లేదు. కొత్త ప్రతులు చేతికొచ్చాయి, అంతే. అయితే వాటిలో వేమన నోట వచ్చినవెన్ని, వేమన పేరున పుట్టినవెన్ని?

వేమన పద్యాల ఛందస్సైన ఆటవెలది నడక తెలిసినవాళ్లకు ఈ అనుమానం ఎందుకో వెంటనే తెలుస్తుంది. ఆ పద్యంలో నాలుగో పాదానికి అయిదు సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రల తునకలు, కావాలి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ: సరిగ్గా అయిదు. పాదం మొత్తం మకుటమే. ఇక మూడు పాదాలు అల్లగలిగితే చాలు, పద్యం పూర్తయి వేమన ఖాతాలో చేరిపోతుంది. ఊళ్లో పెద్దమనిషి కోపం, బైరాగి బోధ, కులం మీద కసి, పెళ్లాం మీద చిరాకు, అన్నీ ఆ సంచిలోనే పడ్డాయి. ఒకదానికొకటి పొసగని మాటలు వేమనలో కనిపించడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

1835లో అచ్చు మీద ఆంక్షలు సడలాక మద్రాసులో మనవాళ్ల ముద్రణాలయాలు పెరిగాయి. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు పెట్టిన సంస్థ కావ్యాలూ పురాణాలూ ఇంటింటికీ చేర్చింది. ఆ పెద్ద సంస్థల పక్కనే శతకాలు, తత్త్వాలు, కాలజ్ఞానం చిన్న చిన్న పుస్తకాలుగా జాతరల్లోకీ సంతల్లోకీ వెళ్లాయి. వాటికి ప్రతులు పోల్చి పాఠం సరిచూసే పరిష్కర్త ఉండేవాడు కాదు. ముందటి అచ్చును చూసి కూర్చడమే. ఒక తప్పు పడితే ఆ తప్పుకే మళ్లీ మళ్లీ అచ్చు.

నాకు ఎక్కువ బాధ కలిగించే నష్టం మాత్రం వేరే ఉంది. బ్రౌన్ 1829 పుస్తకం పేరులోనే నీతి, మతం, ఎత్తిపొడుపు అన్న మూడు మాటలున్నాయి. యోగానికి ఆ పేరులో చోటు దక్కలేదు. తరవాత బడి పుస్తకాలు నీతిని పట్టుకున్నాయి, సంస్కర్తలు ఎత్తిపొడుపును పట్టుకున్నారు. ‘ఉప్పు కప్పురంబు’ రాని తెలుగువాడు ఉండడు. కానీ ఇడ, పింగళ అనే నాడులు, ఒంట్లోని ఆరు చక్రాలు, ఇనుమును బంగారం చేసే పరుసవేది అంటూ సాగే యోగ పద్యాలు చదివినవాళ్లెందరు? వేమన జ్ఞానం సంపాదించిన కథ గుర్తు చేసుకోండి. అభిరాముడనే కంసాలి లంబికా శివయోగిని సేవించాడు. ఉపదేశం దొరికే రోజున అతని బదులు వేమన వెళ్లి చెవిలో మంత్రం అందుకున్నాడు. పశ్చాత్తాపంతో ఆ స్నేహితుడి పేరును మకుటంలో కలుపుకున్నాడంటారు. నిజమో కల్పనో గానీ, ఆ గురువు పేరు చూడండి. లంబిక అంటే కొండనాలుక. నాలుకను వెనక్కి మడిచి అంగుట్లోకి చేర్చే సాధనకు లంబికాయోగమని పేరు. ఆ ఒక్క మాటకు కింద చిన్న వివరణ ఉంటే పాఠకుడికి ఒక సంప్రదాయమే తెరుచుకుంటుంది. చౌక ప్రతుల్లో అది ఉండదు. ఉన్నా గురుముఖతః తెలుసుకోవాలి అని వదిలేస్తారు. గురువుల పరంపర బతికున్నప్పుడు ఆ మాట చెల్లింది. ఇవాళ ఆ పుస్తకం చేతపట్టుకున్నవాడు ఏ గురువు దగ్గరికి వెళ్లాలి?

1928లో అనంతపురంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వేమన మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు. ఏ పద్యం వేమన స్వభావానికి తగినది, ఏది కాదు అని తూచి చూసే పద్ధతి అక్కడ బలంగా కనిపిస్తుంది. తరవాత బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, బ్రౌన్ కాగితాల వెంటపడి ఎంతో పని చేశారు. ఈ శ్రమ ఫలం పరిశోధకుల బీరువాల్లోనే ఆగిపోయింది. సంతలో అమ్మే పుస్తకం దాకా దిగిరాలేదు.

ఇప్పుడు పాత అచ్చుప్రతుల స్కాన్లు ఫోన్‌లోకే వస్తున్నాయి. వాటిని చూసి కొత్తగా అచ్చు వేస్తున్నవాళ్లు కొందరు పాత ముందుమాటను తీసేస్తున్నారు, సంవత్సరాన్నీ తీసేస్తున్నారు. దయచేసి ఆ రెండు పుటలు ఉంచండి. ప్రతి పద్యం కింద అది 1829 అచ్చులో ఉందా, 1839లో చేరిందా, ఆ తరవాత వచ్చిందా అన్నది ఒక్క అంకెతో గుర్తు పెట్టండి. యోగ పద్యాలను తీసేయకుండా వాటి పారిభాషిక పదాలకు చివర నాలుగు పుటల అర్థాలు ఇవ్వండి. బ్రౌన్ సేకరించిన రాతప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, పోల్చి చూడాలనుకునేవాళ్లకు అక్కడ కావలసినంత పని ఉంది.