గ్రావెల్ క్వారీ అనుమతి: అపోహలు – వాస్తవాలు

గ్రావెల్ క్వారీ దరఖాస్తులను స్థానిక సంస్థల తరఫున సాంకేతికంగా పరిశీలించడం నా వృత్తి. పరిశీలనలో ఏం చూస్తారో తెలియక క్వారీ పెట్టేవాళ్లూ, పక్కన పొలాలున్నవాళ్లూ నష్టపోతున్నారు. ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: ఎక్కువమంది వద్దంటే అనుమతి ఆగిపోతుంది.

బహిరంగ విచారణ అంటే ఓటింగ్ కాదు. ఇచ్చినా నిరాకరించినా ఆ నిర్ణయానికి రికార్డులో ఆధారం ఉండాలి. లేకపోతే అప్పీలులో నిలవదు. "మా బోర్లు ఎండిపోతాయి" అంటూ వందమంది సంతకాలు పెట్టిన అర్జీ కన్నా, తన బోరులో ఏ నెలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసిపెట్టుకున్న ఒక్క రైతు కాగితానికి విలువ ఎక్కువ. తవ్వకానికి ముందు కొలతలు లేకపోతే, తర్వాత జరిగిన నష్టం క్వారీ వల్లేనని రుజువు చేయడం చాలా కష్టం. విచారణ తేదీ కోసం ఎదురుచూడొద్దు, ఇప్పుడే కొలవడం మొదలుపెట్టండి.

అపోహ: మోటార్లు పెట్టి నీళ్లు తోడకపోతే భూగర్భ జలాలకు ఏమీ కాదు.

దరఖాస్తుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టే వాక్యం ఇదే. భూగర్భ జలమట్టం సమతలంగా ఉండదు, ఏదో ఒక వైపుకు వాలి ఉంటుంది. దానికన్నా లోతుకు తవ్వితే గుంత చెరువవుతుంది. చెరువులో నీళ్లు మాత్రం సమంగానే నిలుస్తాయి. జలమట్టం ప్రతి 200 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలి ఉందనుకోండి. ఆ వాలు వెంట 400 మీటర్ల పొడవున తవ్వితే రెండు చివరల మధ్య తేడా 2 మీటర్లు. చెరువు మట్టం ఇంచుమించు మధ్యలో కుదురుకుంటుంది. అంటే ఎగువ అంచున జలమట్టం దాదాపు మీటరు పడిపోతుంది, దిగువ అంచున దాదాపు అంతే పైకి లేస్తుంది. ఎగువన లోతు తక్కువ బావి ఉన్నవాళ్లకు నీళ్లు అందవు, దిగువన పల్లపు పొలాలు చిత్తడవుతాయి. ఒక్క మోటారు కూడా నడవకుండానే ఇదంతా జరిగిపోతుంది! దీనికితోడు, అదివరకు నేల మరుగున ఉన్న నీళ్లు ఎండకు ఆవిరవుతాయి, ఒలికిన డీజిల్ నేరుగా వాటిలోనే కలుస్తుంది.

అందుకే నక్షా చేతికి రాగానే నేను గుంత లోతు కన్నా ముందు దాని పొడవు ఏ దిక్కుగా ఉందో చూస్తాను. వాలుకు అడ్డంగా తిప్పినా, మధ్యలో తవ్వని గట్టు వదిలి రెండు గుంతలు చేసినా ప్రభావం బాగా తగ్గుతుంది. దరఖాస్తుదారుకు దీనివల్ల పోయే గ్రావెల్ కూడా పెద్దగా ఉండదు.

అపోహ: నదిలో తవ్వినా వరదొస్తే గుంత పూడిపోతుంది.

పూడుతుంది. కానీ పూడ్చే రాళ్లు ఎక్కడినుంచో రావాలి కదా. గుంతలోకి దూకే ప్రవాహం ఎగువ అంచును కోసుకుంటూ పైకి పోతుంది. రాళ్లను గుంతలో వదిలేసిన నీళ్లు దిగువన మళ్లీ నది అడుగును, గట్లను కోస్తాయి. పోర్చుగల్‌లో 2001 మార్చి 4న డౌరో నది మీద హింట్జె రిబైరో వంతెన కూలి 59 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకాల వల్ల నది అడుగు దిగిపోయి, స్తంభం పునాది బలహీనపడింది.

అపోహ: చిన్న క్వారీకి పరిశీలన అక్కర్లేదు.

చిన్న గుంతలు పది పక్కపక్కన ఉంటే అవన్నీ కలిపి పెద్ద గుంతే. లీజులను ముక్కలు చేసి పరిశీలన తప్పించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. మన సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో 5 హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అన్నది ఇందుకే.

అపోహ: రోజుకు 40 లోడ్లే కదా, రోడ్డుకేం కాదు.

లెక్క చూద్దాం. ఏడాదికి 2 లక్షల టన్నులు, 250 పనిదినాలు, 20 టన్నుల టిప్పర్లు: రోజుకు 40 లోడ్లు. ఖాళీగా వచ్చేవి కలిపితే 80 సార్లు, అంటే 10 గంటల్లో ప్రతి ఏడున్నర నిమిషాలకొకటి. 1950ల చివర్లో అమెరికాలో రోడ్ల మీద బరువు లారీలు నడిపి చేసిన ఆషో రోడ్ టెస్ట్ తేల్చినదాని ప్రకారం, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 శాతం ఓవర్‌లోడ్ వేస్తే నష్టం రెట్టింపు. క్వారీ గేటు దగ్గర వేబ్రిడ్జి ఉండాలన్న షరతు లేని అనుమతికి నేను సిఫార్సు చేయను.

దుమ్ము సంగతి: రోడ్డు మీద నీళ్లు చల్లడం కంటికి కనిపించే దుమ్ముకే సరిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేది 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు స్ఫటిక సిలికా, అంటే రాయి పగిలినప్పుడు లేచే సన్నటి ఖనిజ ధూళి. అది కంటికి కనిపించదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని క్యాన్సర్ కారకంగా గుర్తించింది. అదుపు చేయాల్సింది క్రషర్ దగ్గరే.

అపోహ: షరతులు పెట్టారు కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చు.

"తగిన జాగ్రత్తలు తీసుకోవాలి" అని రాస్తే అది షరతే కాదు. ఏ బోరు, నెలకు ఎన్నిసార్లు కొలవాలి, నీళ్లు ఎంత దిగితే తవ్వకం ఆపాలి, ఎన్ని రోజుల్లో ప్రత్యామ్నాయ నీళ్లివ్వాలి, ఖర్చు ఎవరిది అన్నవన్నీ అందులో ఉండాలి. తవ్వకం అయ్యాక గుంతలను చక్కదిద్దడానికి క్వారీవాడి దగ్గర ముందే తీసుకునే పూచీ సొమ్ము కూడా అంతే. కాలిఫోర్నియాలో 1975 నాటి చట్టం కింద కౌంటీలు, నగరాలు పునరుద్ధరణ ప్రణాళికతో పాటు ఈ పూచీని కూడా తీసుకుంటాయి, ఏటా మళ్లీ లెక్కగడతాయి. ఆ మొత్తాన్ని క్వారీవాడు సొంత యంత్రాలతో చేస్తే అయ్యే ఖర్చు మీద కాకుండా, అతను చేతులెత్తేశాక బయటి కాంట్రాక్టరుతో చేయించాల్సి వస్తే ఎంతవుతుందో దాని మీద నిర్ణయించాలి. విచారణలో అడగాల్సినవాటిలో మొదటి ప్రశ్న ఇదే కావాలి.